పాఠం ఇంగ్లీషులో, నిర్ణయం తరగతి బయట

నెదర్లాండ్స్‌లో విశ్వవిద్యాలయాల బోధనాభాషపై వివాదం ముదరడానికి తరగతి గదుల కన్నా అద్దె గదులే ఎక్కువ కారణం. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడి విశ్వవిద్యాలయాలు ఒక్కొక్క కోర్సునే ఇంగ్లీషులోకి మార్చుకుంటూ వచ్చాయి. విద్యార్థుల సంఖ్యను బట్టి ప్రభుత్వ నిధులు వచ్చే ఆ దేశంలో యూరోపియన్ యూనియన్ నుంచి వచ్చిన విద్యార్థులు కూడా ఆ లెక్కలో చేరతారు కాబట్టి, ఇంగ్లీషు కోర్సు తెరవడం ఆదాయ మార్గం కూడా అయింది. 2022-23 నాటికి విదేశీ విద్యార్థుల సంఖ్య 1,20,000 దాటింది. వచ్చినవారికి ఉండటానికి గదులు దొరకలేదు, తరగతులు కిక్కిరిసిపోయాయి. 2023లో అప్పటి విద్యామంత్రి రాబర్ట్ డైక్‌గ్రాఫ్, డిగ్రీ స్థాయి బోధనలో మూడింట రెండు వంతులు డచ్చి భాషలోనే ఉండాలని ప్రతిపాదించారు. ఆయన భౌతికశాస్త్రవేత్త, అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థకు పదేళ్ళు సంచాలకుడిగా పనిచేసి వచ్చినవారు. ఆయనకు ఇంగ్లీషు అంటే గిట్టదని అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఈ ఉదంతంలో ఆలోచించవలసినది ప్రతిపాదన మంచిదా చెడ్డదా అన్నది మాత్రమే కాదు. ఇంగ్లీషు తరగతిలోకి వచ్చిన కారణం నిధులు, దానిని బయటికి పంపాలనుకున్న కారణం ఇళ్ళ కొరత. మధ్యలో విద్యార్థికి పాఠం ఎంత అర్థమైంది అన్న ప్రశ్నకు రెండుసార్లూ ముఖ్యస్థానం దక్కలేదు. ఇంగ్లీషు మాతృభాష కాని దేశాలలో ఉన్నత విద్య ఇంగ్లీషులోకి మారిన తీరును పరిశీలిస్తే, దాదాపు ప్రతిచోటా ఇదే కథ కనిపిస్తుంది.

ఐరోపాలోని ఇంగ్లీషేతర దేశాలలో పూర్తిగా ఇంగ్లీషులో నడిచే కోర్సులు 2001లో 725 ఉంటే, 2014 నాటికి అవి 8,089కి చేరాయని ఒక సర్వే లెక్కగట్టింది. పదమూడేళ్ళలో పదకొండు రెట్లు! అదే 2001లో చైనా విద్యాశాఖ, ప్రముఖ విశ్వవిద్యాలయాలు మూడేళ్ళలోగా డిగ్రీ స్థాయి పాఠాలలో 5 నుంచి 10 శాతం వరకు ఇంగ్లీషులోనో మరో విదేశీ భాషలోనో చెప్పాలని ఆదేశించింది. దక్షిణ కొరియాలో ఒక పెద్ద దినపత్రిక ఏటా ప్రకటించే ర్యాంకుల్లో ఇంగ్లీషు పాఠాల వాటాకు కూడా మార్కులు ఉండటంతో విశ్వవిద్యాలయాలు పోటీపడి ఆ వాటాను పెంచుకున్నాయి. అంతర్జాతీయంగా పేరున్న క్యూఎస్ ర్యాంకుల్లోనూ విదేశీ విద్యార్థుల నిష్పత్తికి 5 శాతం, విదేశీ అధ్యాపకుల నిష్పత్తికి మరో 5 శాతం మార్కులు ఉన్నాయి. స్థానిక భాషలో పాఠం చెప్పే సంస్థకు ఆ పది శాతం అందని ద్రాక్షే.

రాజకీయాలు చేసిన మార్పులు ఇంకా వేగంగా జరిగాయి. ఫ్రాన్సుతో సంబంధాలు తెగిపోయి, తూర్పు ఆఫ్రికా దేశాల కూటమిలో చేరిన రువాండా 2008లో విద్యావ్యవస్థ మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చాలని నిర్ణయించింది. అప్పటిదాకా ఫ్రెంచిలో చదువుకున్న పిల్లలూ, ఫ్రెంచిలో పాఠం చెప్పిన పంతుళ్ళూ రాత్రికి రాత్రి కొత్త భాషకు అలవాటు పడవలసి వచ్చింది. ఖతార్‌లో ఇందుకు తలకిందులుగా జరిగింది. అక్కడి జాతీయ విశ్వవిద్యాలయం న్యాయశాస్త్రం, ప్రసార మాధ్యమాలు, వాణిజ్య నిర్వహణ వంటి విభాగాలను 2012లో ఇంగ్లీషు నుంచి అరబ్బీకి మళ్ళించింది. డెన్మార్క్ 2021లో ఇంగ్లీషు కోర్సుల సీట్లకు కోత పెట్టింది. ఇతర ఐరోపా దేశాల విద్యార్థులకు చెల్లించవలసిన భృతి ఖజానాకు భారమైందన్నది ప్రధాన కారణం. రెండేళ్ళకే, పరిశ్రమలకు మనుషులు చాలడం లేదని, పీజీలో ఇంగ్లీషు సీట్లు మళ్ళీ పెంచడానికి ఒప్పుకుంది.

ఇక తరగతిలోకి వెళ్దాం. జాన్ ఎయిరీ, సెడ్రిక్ లిండర్ అనే ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో భౌతికశాస్త్ర విద్యార్థులపై చేసిన ఒక చిన్న అధ్యయనం 2006లో వెలువడింది. ఆ విద్యార్థులు కొన్ని పాఠాలు స్వీడిష్‌లో, కొన్ని ఇంగ్లీషులో వింటున్నారు. భాష వల్ల తేడా ఏమైనా ఉందా అని అడిగితే, పెద్దగా ఏమీ లేదనే మొదట చెప్పారు. వారు కూర్చున్న పాఠాల వీడియోలనే వారికి చూపించి, ఆ క్షణంలో ఏం జరుగుతోందో చెప్పమన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఇంగ్లీషు పాఠంలో వారు అడిగే ప్రశ్నలు తగ్గాయి, అధ్యాపకుడు అడిగితే జవాబు చెప్పేవారూ తగ్గారు. నోట్సు రాసుకుంటూ పాఠాన్ని అనుసరించడం కష్టమై, కొందరు బోర్డు మీది అక్షరాలు ఎక్కించుకోవడంతోనే సరిపెట్టుకున్నారు. మరికొందరు ముందే పుస్తకం చదివి రావడం అలవాటు చేసుకున్నారు, కొందరు నోట్సే మానేశారు. ఇంగ్లీషులో దిట్టలని ప్రపంచమంతా చెప్పుకునే స్వీడన్ పిల్లల సంగతి ఇది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ మొదటి జవాబే. తేడా లేదని వారు అబద్ధం చెప్పలేదు. అడగకుండా ఉండిపోయిన ప్రశ్న అడగనివాడికి కూడా గుర్తుండదు; అది మార్కుల జాబితాలో కనిపించదు, విద్యార్థుల అభిప్రాయ సేకరణ పత్రాలలోనూ కనిపించదు. ఉత్తీర్ణత శాతం మారలేదు కాబట్టి నష్టం లేదని చూపించే నివేదికలను ఈ కారణంగానే అనుమానించాలి. అధ్యాపకుడి వైపు కూడా ఇలాంటి నష్టమే ఉంటుంది. ఆయనకు విషయం మీద పట్టు పోదు కానీ, విద్యార్థి ముఖం చూసి అప్పటికప్పుడు మరో ఉదాహరణ ఎత్తుకోవడం, అదే మాటను మూడు రకాలుగా తిప్పి చెప్పడం, చిన్న చమత్కారంతో నిద్రమత్తు వదిలించడం పరభాషలో అంత తేలిక కాదు. స్లైడు మీద ఉన్నది ఉన్నట్టు చదవడం మిగులుతుంది.

దక్షిణ కొరియాలోని కైస్ట్ అనే శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థ అనుభవం ఇంకా చేదుది. అధ్యక్షుడు సు నామ్-ప్యో హయాంలో అక్కడ డిగ్రీ పాఠాలను ఇంగ్లీషులోకి మార్చారు. మార్కులు తగ్గినవారి నుంచి ఫీజు వసూలు చేసే పద్ధతి కూడా తెచ్చారు. 2011 తొలి నెలల్లో నలుగురు విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నాక దేశమంతటా వచ్చిన విమర్శలలో ఫీజు నిబంధనతో పాటు ఇంగ్లీషు పాఠాల ప్రస్తావన కూడా వచ్చింది. ఆ మరణాలకు భాషను కారణంగా చూపడం అన్యాయం. అయితే, ఒత్తిడిలో ఉన్న విద్యార్థి సాయం అడగవలసిన చోట కూడా పరభాషే ఎదురవుతుందన్న సంగతిని ఆ సంస్థ ముందే ఆలోచించి ఉండవలసింది.

ఇంగ్లీషు వాదుల మాటలో బలం లేకపోలేదు. శాస్త్రపరిశోధన పత్రాలలో అత్యధిక భాగం ఇంగ్లీషులోనే వస్తున్నాయి. యాభై లక్షల మంది మాట్లాడే భాషలో అర్ధవాహకాల (సెమీకండక్టర్ల) తయారీ మీద తాజా పాఠ్యపుస్తకం ఎవరు రాస్తారు, ఎందరు కొంటారు? ఇలాంటి రంగాలలో పీజీ, పరిశోధన స్థాయి చదువు ఇంగ్లీషులో ఉండటం సబబే. కానీ నర్సు, న్యాయవాది, బడిపంతులు, మనస్తత్వ నిపుణుడు రేపు పనిచేసేది ఆ ఊరి మనుషులతో. రోగి బాధను రోగి భాషలో విని, నేర్చుకున్న శాస్త్రాన్ని అదే భాషలో తిరిగి చెప్పలేనివారికి పట్టా ఇవ్వడం అరకొర చదువే అవుతుంది. భాషల వైపు నుంచి చూసినా, ఒక రంగంలో పాఠం చెప్పడం ఆగిపోతే ఆ రంగపు పరిభాష ఒక తరంలోనే ఎండిపోతుంది. విద్వద్భాషలు శాశ్వతం కావన్నదీ గుర్తుంచుకోవాలి. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ను అప్పటి పండితుల భాష అయిన లాటిన్‌లో ప్రచురించిన 1687లోనే, జర్మనీలోని లైప్‌జిగ్‌లో క్రిస్టియన్ థొమాసియస్ అనే అధ్యాపకుడు తన ఉపన్యాసాన్ని జర్మన్‌లో ప్రకటించి తోటి పండితుల ఆగ్రహానికి గురయ్యాడు. 1704లో ‘ఆప్టిక్స్’ వచ్చేసరికి న్యూటనే ఇంగ్లీషుకు మారాడు.

ఈ చిక్కుకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా స్పష్టమైన గీత గీసింది ఇటలీ న్యాయవ్యవస్థ. మిలాన్ పాలిటెక్నిక్ 2014 నుంచి పీజీ, డాక్టరేట్ కోర్సులన్నిటినీ ఇంగ్లీషులోనే నడపాలని 2012లో నిర్ణయించింది. సుమారు వందమంది అధ్యాపకులు కోర్టుకెక్కారు. 2013లో ప్రాంతీయ పరిపాలనా న్యాయస్థానం వారి పక్షాన నిలిచింది; వ్యవహారం పై కోర్టులకు పాకి, 2017లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు వెలువడింది. ఇటాలియన్ కోర్సుకు తోడుగా ఇంగ్లీషు కోర్సు పెట్టుకోవచ్చునని, కొన్ని పాఠాలను ఇంగ్లీషులోనే చెప్పుకోవచ్చునని, మొత్తం చదువు నుంచి ఇటాలియన్‌ను వెళ్ళగొట్టడం మాత్రం కుదరదని ఆ తీర్పు సారాంశం. విద్యార్థికి ఉన్నత విద్యలో సమాన ప్రవేశం, అధ్యాపకుడికి బోధనా స్వేచ్ఛ, జాతీయ భాషకు ప్రాధాన్యం అనే మూడు ఆధారాలను కోర్టు ఎంచుకుంది. ప్రవేశం మాట ముఖ్యం. ఇంగ్లీషు మాత్రమే అన్నప్పుడు వడపోతలో మిగిలేది ఇంజనీరింగు బాగా వచ్చినవారే కాదు, ఇంట్లో ఇంగ్లీషు నేర్పించుకోగలిగినవారు కూడా.

‘తోడుగా’ అన్న షరతు ఖర్చుతో కూడుకున్నది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం 2008లో ఇందుకోసమే ఒక కేంద్రాన్ని పెట్టి, ఇంగ్లీషులో బోధించే అధ్యాపకులకు ఉపన్యాస పరీక్ష నిర్వహించి, ఎక్కడ తడబడుతున్నారో చెప్పే పద్ధతి తెచ్చింది. నార్వే 2009లో చట్టం సవరించి, నార్వీజియన్ శాస్త్ర పరిభాషను కాపాడి పెంచే బాధ్యతను విశ్వవిద్యాలయాలకే అప్పగించింది. 1956లో ఇంగ్లీషు మాధ్యమంతో మొదలైన, టర్కీ రాజధాని అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో, భాష చాలని విద్యార్థి మొదట ఒక ఏడాది ఇంగ్లీషే చదువుతాడు. ఇవేవీ ర్యాంకుల్లో మార్కులు తెచ్చే పనులు కావు కాబట్టి, కొత్తగా ఇంగ్లీషులోకి మారుతున్న సంస్థలలో చాలావాటి బడ్జెట్లలో వీటికి చోటు ఉండదు. అనుమతి ఇచ్చే ప్రభుత్వం కోర్సు పేరు, సీట్ల సంఖ్యతో పాటు అధ్యాపకుల భాషా శిక్షణకు, సన్నాహక సంవత్సరానికి, స్థానిక భాషలో పాఠ్యసామగ్రికి ఎంత కేటాయించారో కూడా రాసి ఇమ్మని అడగాలి. ఆ గడి ఖాళీగా ఉన్న దరఖాస్తును వెనక్కి పంపాలి.