పిల్లి రిపోర్టుకి మన లెక్కలు పనికిరావు

"పిల్లి రిపోర్టులో పెద్ద పెద్ద పేర్లు చూసి భయపడకండి, ఇవన్నీ మనకొచ్చే జబ్బులే, ఇంట్లో ఉన్న మందులే చాలు" అంటూ ఒక వాట్సాప్ మెసేజ్ అమలాపురం నుంచి భీమవరం దాకా తెగ తిరుగుతోంది. జ్వరానికి సగం పారాసిటమాల్, మూత్రం ఆగితే కొబ్బరి నీళ్లు, కామెర్లకు పసరు, తెల్లకణాలు తగ్గితే బీట్‌రూట్ రసం, క్రియాటినిన్ (కిడ్నీల పనితనం చూసే రక్తపరీక్ష అంకె) 1.3 దాటితే కిడ్నీలు పోయినట్టే, ఎఫ్ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) అంటే ఎయిడ్సే కాబట్టి పిల్లిని వదిలించుకోండి, డాక్టర్లు ఈ పేర్లన్నీ రాసేది డబ్బుల కోసమే, అదీ వరస. రాసినవాళ్లకి దురుద్దేశం ఉందనుకోను. కానీ జబ్బు పేరు ఒకటే అయినంత మాత్రాన పిల్లి ఒళ్లు మన ఒళ్లు అయిపోదు. ఇందులో రెండు సలహాలైతే నేరుగా ప్రాణం తీసేవే.

మొదటిది జ్వరం. "థర్మామీటర్‌లో 101 వస్తే సగం బిళ్ల" అట. అసలు పిల్లికి 101 జ్వరమే కాదు! దాని మామూలు ఒంటి వేడే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. ఇక బిళ్ల సంగతి. 650 బిళ్లలో సగం అంటే 325 మిల్లీగ్రాములు, నాలుగు కిలోల పిల్లికి కిలోకి 80 పైమాటే. కిలోకి 10 మిల్లీగ్రాముల దగ్గరే విష లక్షణాలు కనిపించిన పిల్లులున్నాయి. ఆ మందుని విరిచి బయటికి పంపడానికి మన లివర్ వాడే పద్ధతి పిల్లి లివర్‌లో దాదాపు లేదు, అందుకని అది విషంగా మారి రక్తంలోని ఎర్రకణాలను పాడు చేస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఊపిరి అందదు. పొరపాటున వేసేసి ఉంటే "చూద్దాంలే" అని కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, విరుగుడుగా ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఉంది, కానీ అది ఎంత తొందరగా పడితే అంత మంచిది.

రెండోది, మన కోనసీమలో ఎవరికైనా చాలా సహజంగా అనిపించే సలహా. మగ పిల్లి ట్రేలో కూర్చుంటోంది, లేస్తోంది, మళ్లీ కూర్చుంటోంది, వెనకభాగం నాక్కుంటోంది, అరుస్తోంది, ఒక్క చుక్క కూడా రావట్లేదు. పక్కింటావిడ చూసి "వేడి చేసిందండీ, బొండం నీళ్లు పట్టించండి" అంటుంది. ఇంకొకరు మలబద్ధకం అనుకుని ఆముదం పోస్తారు. రిపోర్టులో ఎఫ్ఎల్‌యూటీడీ అని రాసేది మూత్రసంచి, మూత్రనాళం ఇబ్బందులన్నిటికీ కలిపి పెట్టిన పేరు. చాలా పిల్లుల్లో అది టెన్షన్ వల్ల వచ్చే మూత్రసంచి వాపే. కానీ దాని పక్కన "అబ్‌స్ట్రక్షన్" (మూత్రం దారి మూసుకుపోవడం) అని ఉందా, ఇక అది వేరే కథ. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నం, అందులో జిగురూ సన్నటి స్ఫటికాలూ కలిసి బిరడాలా పడిపోతాయి. పొట్ట కింద తాకితే మూత్రసంచి నిమ్మకాయలా గట్టిగా తగులుతుంది (తాకండి గానీ నొక్కకండి, పగిలే ప్రమాదం ఉంది). మూత్రం బయటికి పోకపోతే పొటాషియం రక్తంలోనే పేరుకుంటుంది, పేరుకుంటే గుండె కొట్టుకోవడం నెమ్మదించి ఆగిపోతుంది, రెండు మూడు రోజుల్లో పిల్లి చనిపోతుంది. అలాంటి పిల్లికి మీరు పట్టించేది దండిగా పొటాషియం ఉన్న కొబ్బరి నీళ్లు! దానికి కావాల్సింది క్యాథెటర్ (మూత్రం తీసే సన్నటి గొట్టం), సెలైన్, అదీ ఆ పూటే. రాత్రైనా సరే, తెల్లారాక చూద్దాం అనుకునే జబ్బు కాదిది.

క్రియాటినిన్ గోల వేరు. మన ఊళ్లలో పిల్లి రక్తాన్ని చాలాసార్లు మనుషుల ల్యాబ్‌కే పంపుతారు, వాళ్ల మిషన్ పిల్లికి కూడా "0.7–1.3" అని మన రేంజే ప్రింట్ చేసి, 1.8 రాగానే బోల్డ్‌లో పెడుతుంది. ఇంట్లో ఏడుపులు మొదలు. చాలా వెటర్నరీ ల్యాబ్‌లు పిల్లికి 2.4 దాకా మామూలుగానే చూస్తాయి. అలాగని ధీమాగా ఉండమనీ కాదు, కిడ్నీ పనితనం ముప్పావు వంతు పోయాక గానీ ఈ అంకె గట్టిగా పెరగదు. నీళ్లు తాగకపోయినా పెరుగుతుంది. అందుకే డాక్టర్ మూత్రం చిక్కదనం కూడా చూస్తారు (1.035 ఉంటే బాగున్నట్టు), కొన్నాళ్లాగి మళ్లీ రక్తం తీస్తారు. అది దోపిడీ కాదు. స్థానికంగా ఇవి కుదరకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. మన పి.గన్నవరం కాదండోయ్, విజయవాడ పక్కది.

ఎఫ్ఐవీ మనుషులకి అంటదు. 1986లో కాలిఫోర్నియాలో బయటపడిన ఈ వైరస్ హెచ్ఐవీకి దూరపు చుట్టమే గానీ పిల్లి నుంచి పిల్లికి, ముఖ్యంగా కొట్టుకుని కొరుక్కున్నప్పుడు పాకుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లో ఉంచుకుంటే చాలా పిల్లులు ఏళ్ల తరబడి బతుకుతాయి. తీసుకెళ్లి కాలవ గట్టున వదిలేశారనుకోండి, అక్కడ ఇంకో నాలుగు పిల్లుల్ని కొరుకుతుంది.

తెల్లకణాలు పడిపోయే పాన్‌ల్యూకోపీనియా జబ్బుకి బీట్‌రూట్ రసం అన్నది చదివి తల పట్టుకున్నాను. అది నీరసం కాదు, పార్వో జాతి వైరస్. ఎముక మజ్జనీ పేగుల లోపలి పొరనీ దెబ్బతీస్తుంది, తెల్లకణాలు పడిపోయేది అందుకే. చిన్న పిల్లిపిల్లలు వాంతులు, విరేచనాలతో రోజుల్లో పోతాయి. పిల్లిపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా వేయించాలి. ఈ జబ్బుతో ఇంట్లో ఒక పిల్ల పోయిందంటే ఆ వైరస్ నేల మీద ఏడాది దాకా బతికుండొచ్చు. ఫినాయిల్ వద్దు, అది పిల్లులకే విషం. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 32 వంతుల నీళ్లు కలిపి కడిగి, ఆరాకే కొత్త పిల్లని తెచ్చుకోండి.

కామెర్లు, పసరు. పసరు కన్నా దాంతో పెట్టే పథ్యం ప్రమాదం. లావు పిల్లి ఏ కారణం చేతైనా రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా లివర్‌లోకి చేరి కామెర్లు వస్తాయి, దాన్నే హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. దానికి అసలు వైద్యమే తిండి, అవసరమైతే గొట్టం వేసి మరీ పెడతారు. మీరేమో చేప మాన్పించి మజ్జిగన్నం పెడుతున్నారు.

ఇక "డబ్బుల కోసమే ఈ పేర్లు" అన్న మాట. అక్కర్లేని టెస్టులు రాసేవాళ్లు లేరని నేను అనను. "ఈ రిజల్టు వస్తే మందు మారుతుందా?" అని డాక్టర్‌గార్ని మొహమాటం లేకుండా అడగండి. మారుతుందంటే చేయించండి, మారదంటే ఆ డబ్బు సెలైన్‌కి ఉంచుకోండి.