బకెట్లో భోగి మంట

భోగి ఇంకా రెండు రోజులుంది. గుంటూరు బ్రాడీపేటలో మా ప్రహరీ గోడ పాచి పట్టి నల్లగా తయారైతే, "దానిక్కూడా పెయింటెందుకురా దండగ, నాలుగు కిలోల సున్నం రాళ్ళు తెచ్చి నానెయ్" అంది అమ్మ. మినప్పప్పు నానేసినవాడికి సున్నం ఒక లెక్కా! "కుండలో నిండా నీళ్ళు పోసి, ఒక్కో రాయే వెయ్యి, మొహం దూరంగా పెట్టు, కళ్ళు పోతాయి" అని వెనక నుంచి చెబుతూనే ఉంది గానీ, నేనేమో ఫోన్లో ఉన్నాను. చేతికందింది మా ఆవిడ గులాబీ రంగు ప్లాస్టిక్ బకెట్టు. రాళ్ళన్నీ అందులో గుమ్మరించి, పైన రెండు చెంబుల నీళ్ళు పోశా.

ఏమీ కాలేదు. నీళ్ళు తాగేసి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. షాపువాడు పాత సరుకు అంటగట్టాడని తిట్టుకుంటూ కాఫీ గ్లాసుతో అరుగు మీద చేరాను.

రెండు గుక్కలు తాగానో లేదో, చిటపటలు. ఒక రాయి నిలువునా చీలి, పొంగి, తెల్లటి పొడై రాలింది, దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఇంకోటి, ఇక ఆవిరి గోడ దాటి పోతోంది. బకెట్టు ఒక పక్క ఉబ్బి, మెత్తబడి, పెళ్ళిలో అలిగిన పెద్దబావగారిలా అటు తిరిగి కూలబడింది.

"ఏం బాబూ, తలంటు ఇవాళే పెట్టుకున్నారా?" గోడవతల నుంచి పక్కింటి పెద్దాయన.

నిజానికి ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. కిలో తాజా సున్నం విడిచే వేడితో మూడు లీటర్ల చన్నీళ్ళు మరిగించొచ్చట, అంటే నాలుగు కిలోలకి ఆయన తలంటు కూడా అయిపోయేది. ఈ లెక్క చెప్పింది పదో తరగతి చదివే మా అమ్మాయి. "ఉష్ణమోచక చర్య నాన్నా, మా సైన్స్ పుస్తకంలో ఉంది, బీకరులో చెయ్యమన్నారు, బకెట్లో కాదు."

"పొయ్యి లేదు, నిప్పు లేదు, అంత వేడి ఎక్కణ్ణుంచొచ్చిందే?"

"పిడుగురాళ్ల నుంచి."

వెక్కిరిస్తోందనుకున్నా. కాదు. అక్కడి బట్టీల్లో సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. అది ఉష్ణగ్రాహక చర్య, రాయి వేడిని తింటుంది. నీళ్ళు తగిలితే తిన్నదాంట్లో మూడో వంతు పైగా కక్కేస్తుంది, మిగతాది గోడ మీద మళ్ళీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ తీరుబడిగా వదులుతుంది. నీళ్ళు దండిగా ఉంటే ఆ వేడిని అవి పంచుకుంటాయి, రెండు చెంబులే పోస్తే వంద డిగ్రీలు దాటి బకెట్టు మీద పడుతుంది. అమ్మ కుండ అనడంలో ఇంత ఉందన్నమాట. ఒక్క ముక్క చదవకుండా.

ఇంతలో మా ఆవిడ వచ్చింది. బకెట్టు వంక చూసింది, నా వంక చూసింది.

"భోగి మంటలో పాత సామాను వేస్తారు కదత్తయ్యా?"

"అవునమ్మా."

"బకెట్టు కొని వారమే అయింది" అంటూ మళ్ళీ నా వంకే చూసింది.