రిఫ్రెష్ కొట్టుడు మన సంప్రదాయం, దాన్ని అవమానించొద్దు

ఈ మధ్య కొంతమంది పోరగాళ్లు బయల్దేరిండ్రు, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొడితే ల్యాప్‌టాప్ స్పీడ్ కాదంట, ర్యామ్ ఖాళీ కాదంట, ఉన్న ఐకాన్లనే తుడిచి మల్ల గీస్తదంట, గంతేనంట. నిజమే కావచ్చు. కానీ నేనడిగేది ఏందంటే, మనకాడ ఏ పనికైనా మనం ఇంతకంటే ఎక్కువ ఏం చేసినం? రోడ్డు మీద గుంత పడితే దాని సుట్టు సున్నం గీత గీస్తం. మంత్రి వస్తుండంటే డివైడర్‌కు రంగేస్తం. కరెంటు పోతే లైన్‌మన్‌కు ఫోన్ చేసి అన్నా కరెంటు పోయింది అంటం, ఆయనింట్ల లైట్లు ఎలుగుతున్నట్టు. ఇవన్ని రిఫ్రెష్‌లే కదా. వీటి మీద రాని కోపం పాపం రిఫ్రెష్ కొట్టే ఒక్క ఎఫ్5 బటన్ మీద ఎందుకొస్తదో నాకైతే సమజ్ కాదు.

నా ల్యాప్‌టాప్ 2017ల కొన్నది, 4 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్. పొద్దుగాల స్విచ్ ఏసి, తానం చేసి, ఛాయ్ తాగి, నల్గొండకెళ్లి పానగల్ దాక పోయి ఛాయా సోమేశ్వరునికి దండం పెట్టుకొని వచ్చినా స్క్రీన్ మీద ఆ గుండ్రంగ తిరిగేది తిరుగుతనే ఉంటది. ఆ గుళ్లె పొద్దంత ఒక కంబం నీడ గర్భగుడిల కదలకుంట నిలవడ్తది, ఎక్కడెక్కడోళ్లో వచ్చి ఫోటోలు దిగుతరు, సదువుకున్నోళ్లు ముక్కు మీద ఏలేసుకుంటరు. మా ఇంట్ల అప్‌డేట్ 27 శాతం కాడ పొద్దంత కదలకుంట నిలవడితే మాత్రం రిపేర్ చేపిచ్చుకో అంటరు. ఇదేం న్యాయమో.

సలహాలకైతే కొదవ లేదు. నాయిన ఏమో బరువెక్కువైంది బిడ్డ, పెండ్లి ఫోటోలు తీసెయ్ అన్నడు. పక్కింటాయన ఫ్యాన్ల దుమ్ము వడ్డది కావచ్చు చూడు అన్నడు, అది జర పనికొచ్చే మాటే, ప్రాసెసర్ బాగ ఏడెక్కితే అది తనంతల తనే స్పీడ్ తగ్గించుకుంటది, నల్గొండ ఎండకాలం మధ్యాన్నం మనం చేసేది కూడ అదే కదా. అందుకే దాన్ని తప్పు పట్టలేక వదిలేసిన.

అప్పుడు పాలమూరుకెళ్లి మా బామ్మర్ది దిగిండు. వాడు వచ్చుడు వచ్చుడే, "బావా, మా పిల్లలమర్రికే సెలైన్ పెట్టి బతికిచ్చిండ్రు, నీ ల్యాప్‌టాప్ ఎంత" అన్నడు. నిజమే, ఏడొందల ఏండ్ల మర్రి అంటరు, 2018ల దానికి చెదలు పడితే సెలైన్ బాటిళ్లల్ల మందు కలిపి చెట్టుకు ఎక్కిచ్చిండ్రు, ఆ ఫోటోలు దేశమంత తిరిగినయి. వాడు ఆ స్ఫూర్తితోని నా ల్యాప్‌టాప్‌కు మూడు యాంటీవైరస్‌లు ఎక్కిచ్చిండు. మూడు. ఒకటి తెరిచిన ఫైల్‌ని రెండోది చూస్తది, రెండోది చూస్తున్నదాన్ని మూడోది అనుమానిస్తది, గేటు కాడ ముగ్గురు వాచ్‌మన్లు ఒకరి జేబులు ఒకరు ఎతుకుతుంటే ఇంట్లోళ్లు లోపలికి పోయేదెప్పుడు. చెట్టు కాడ ముందు చెదలున్నయా లేవా, ఏడున్నయి అని చూసినంకనే మందు ఎక్కిచ్చిండ్రని వానికి చెప్దామనుకున్న, బామ్మర్ది కదా, ఊకున్న.

ఆఖరికి గడియారం సెంటర్ పక్క సందుల ఒక రిపేర్ షాపుకు తీస్కపోయిన. ఆ పిలగాడు వైరస్ అనలే, ఫార్మాట్ అనలే, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ మూడు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ అని, లోపల నడిచే ప్రోగ్రాముల లిస్టు ఒకటి తెరిచిండు. చూడంగనే నా గుండె జల్లుమన్నది. ఎందుకంటే దాంట్ల పేర్లున్నయి. ఎవడు ఎంత తింటుండో పేరు పక్కన అంకెతోని సహా, ఏ ఆర్టీఐ దరఖాస్తు లేకుంట, 30 దినాల గడువు లేకుంట, సీద ముంగట పెట్టింది. ఇసొంటిది ఒకటి ప్రతి కంప్యూటర్ల ముందుకెళ్లే ఉందంట, ఎవ్వరు తెరవరు గంతే. తెరవకపోవుడుల ఎంత తెలివుందో నాకు ఆ నిమిషం అర్థమైంది.

డిస్క్ కాడ 100 శాతం ఉన్నది. "అన్నా, సీపీయూ ఖాళీగనే కూసున్నది, డిస్కే సచ్చిపోతున్నది" అన్నడు. అంటే తాసిల్దార్ ఆఫీసుల సారు ఖాళీ, ఆర్‌ఐ ఖాళీ, అందరు ఎదురుసూసేది బీరువల గదిలకు పోయిన ఒక్క అటెండర్ కోసం. ఆ అటెండరే హార్డ్ డిస్క్. లోపల పళ్లెం నిమిషానికి 5400 సుట్లు తిరుగుతది, దాని మీద సన్నటి చెయ్యి ముందుకెనక్కి ఊగుతది, ఎవరికి ఏ ఫైల్ కావాల్నన్నా ఆ చెయ్యే పోవాలె, ఇరవై మంది ఒక్కసారి ఇరవై ఫైళ్లు అడిగితే తెచ్చుడు కంటే నడుసుడుకే టైం అయిపోతది. పైంగ 4 జీబీ ర్యామ్ అంటే సారు బల్ల సిన్నది, బల్ల నిండంగనే అడుగు ఫైల్ తీసి బీరువల పెట్టి రా అంటడు, మల్ల అదే అటెండర్‌కు ఇంకో తిరుగుడు. దీని జాగల ఎస్‌ఎస్‌డీ అని చిప్పుల డిస్క్ ఏసుకుంటే లోపల కదిలేదే ఏం ఉండదంట, సెకనుకు 500 ఎంబీ దాక సదువుతదంట, ఇదైతే 100 ఎంబీకే ఆయాసపడ్తది. ఇంత అర్థమయ్యేటట్టు చెప్పేటోళ్లను నేను మామూలుగ నమ్మను.

తర్వాత స్టార్టప్ అని ఇంకో లిస్టు తెరిచిండు, స్విచ్ ఏయంగనే తమంతల తామే లేసే ప్రోగ్రాములంట. నేను స్విచ్ ఏసేది ఒక్క ఎక్సెల్ కోసం, పెండ్లికి ట్రాక్టర్ ఎక్కినట్టు దానెనక పద్దెనిమిది మంది దిగుతున్నరు. వీటిని డిసేబుల్ చెయ్యమంటవా అన్నడు. నేనట్ల ఒక్కన్నే నిర్ణయం తీసుకునే మనిషిని కాదు, ఇంట్ల అడగాలె తమ్మి అని ల్యాప్‌టాప్ సంకల పెట్టుకొని వచ్చిన.

రాత్రి అన్నాలు తిన్నంక అఖిలపక్షం పెట్టినం. యాంటీవైరస్‌ల పేరెత్తంగనే మా ఇంటామె, మా తమ్ముడు పెట్టిందంటే నీకు లెక్క లేదా అని అటు తిరిగి కూసున్నది. గేమ్ లాంచర్ ఎవరిదంటే కొడుకుది, ఫిజిక్స్ క్లాస్ దాంట్లనే వస్తదంట. మూడేండ్ల కింద అమ్మేసిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఇంక ఉన్నది, అది రోజు పొద్దుగాల లేసి ప్రింటర్ ఏది ప్రింటర్ ఏది అని ఇల్లంత ఎతుకుతది, కనీసం దాన్నన్న తీసేద్దామంటే నాయిన, "ఉండనీ బిడ్డ, దానికేమన్న తిండి పెడుతున్నమా" అన్నడు. పెడుతున్నం నాయిన, 60 ఎంబీ.

విండోస్ ముచ్చట కూడ వచ్చింది. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మామూలు సపోర్ట్ అయిపోయింది, 11 ఎక్కియ్యాల్నంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె, ప్రాసెసర్ పేరు వాళ్ల లిస్టుల ఉండాలె, నా దాని పేరు లేదు. రేషన్ కార్డు లిస్టు చూసినోళ్లకు ఇదేం కొత్త కాదు కాబట్టి దీని మీద ఎక్కువ చర్చ కాలే.

పదకొండు కొట్టంగ ఏకగ్రీవంగ తీర్మానం చేసినం, ఇప్పటికైతే షట్‌డౌన్ చేద్దాం, పొద్దుగాల చూద్దాం అని. అప్పుడు కొడుకు మెల్లగ చెప్పిండు, షట్‌డౌన్‌తోని ఏం కాదు డాడీ, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌ల ఉంటే సిస్టమ్ లోపలి సంగతి ఒక ఫైల్‌ల రాసుకొని పంటది, పొద్దుగాల అదే సదువుకొని లేస్తది, అసలు కొత్తగ లేసేది రీస్టార్ట్ కొడితేనే అని. అంటే సస్పెండైన సారు ఆర్నెళ్లకు మల్ల అదే కుర్చీల కూసున్నట్టు. ఆ పద్ధతి మనకు అలవాటే కదా అని షట్‌డౌనే చేసినం.

పొద్దుగాల స్విచ్ ఏసిన. పద్దెనిమిది మంది దిగిండ్రు. డిస్క్ 100. ఎస్‌ఎస్‌డీ సంగతి దసరాకు చూద్దాం అన్నది మా ఇంటామె, ఏ దసరా అని నేనడగలే. రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొట్టిన. ఐకాన్లన్ని ఒక్కసారి మాయమైనయి, ఆ రెప్పపాటు స్క్రీన్ ఎంత సాఫ్‌గ ఉండెనో, మల్ల ఎవరి జాగల వాళ్లొచ్చి కూసున్నరు.