డీలర్ రిబేటు కాగితం మీద ఉందా?

సిమెంటు, రంగులు, గృహోపకరణాల కంపెనీలు డీలర్లకు ఇచ్చే లాభంలో కొంత భాగం ఇన్‌వాయిస్‌లో కనిపించదు. నెలాఖరునో, మూడు నెలలకో, ఏడాది చివరనో లెక్కకట్టి క్రెడిట్ నోట్ (బిల్లు తర్వాత తగ్గింపు ఇస్తున్నట్టు రాసిచ్చే పత్రం) ద్వారా డీలర్ ఖాతాలో జమచేస్తారు. దీన్నే రిబేటు అంటారు. డీలర్ అప్పటిదాకా ఆగలేడు. పక్క దుకాణంతో పోటీపడి, రాబోయే రిబేటును ముందే ధరలో తగ్గించి సరుకు అమ్మేస్తాడు. కనుక ఆ మొత్తంలో కోతపడినా, అది ఆలస్యమైనా నష్టం అతని పెట్టుబడికే. ఇంతటి సొమ్ముకు ఆధారం ఒక్కోసారి కంపెనీ ప్రతినిధి పంపిన వాట్సాప్ సందేశమే.

ఒప్పందం రాసుకున్నచోట కూడా అందరి చూపూ శాతం మీదే ఉంటుంది. ఆ శాతాన్ని దేని మీద కట్టాలన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. జీఎస్టీతో కలిపిన విలువ మీదా, అది తీసేసిన విలువ మీదా, లేక డబ్బు చెల్లించిన సరుకు వరకేనా? మార్చి 31 రాత్రి లోడై ఏప్రిల్ 2న గోదాముకు చేరిన లారీ ఏ సంవత్సరం టార్గెట్‌లోకి వస్తుంది? స్లాబుల (కొనుగోలు పరిమాణాన్ని బట్టి మారే రేట్ల) సంగతి మరీ సున్నితం. వెయ్యి టన్నుల వరకు టన్నుకు 100 రూపాయలు, దాటితే 150 రూపాయలు అన్నారనుకుందాం. 1,010 టన్నులు ఎత్తిన డీలర్‌కు పెరిగిన రేటు మొత్తం సరుకుకు వర్తిస్తే 1,51,500 రూపాయలు వస్తాయి. దాటిన పది టన్నులకే వర్తిస్తే 1,01,500 రూపాయలే. ఒక్క వాక్యం లేకపోవడం ఖరీదు యాభై వేలు. పైగా మొదటి పద్ధతిలో, గీత దాటడం కోసం సంవత్సరాంతంలో అక్కర్లేని సరుకు ఎత్తడం, తర్వాత వాపసు చేస్తే ఇచ్చిన రిబేటును కంపెనీ తిరిగి లాక్కోవడం అనే చిక్కు కూడా ఉంది.

ఈ అస్పష్టతకు ఇంతకాలం కొంతైనా కళ్లెం వేసింది పన్ను చట్టం. కేంద్ర జీఎస్టీ చట్టం, 2017లోని సెక్షన్ 15(3) మొదటి రూపం ప్రకారం, సరఫరా తర్వాత ఇచ్చే తగ్గింపును పన్ను విలువ నుంచి మినహాయించాలంటే అది సరఫరా నాటికే కుదిరిన ఒప్పందంలో ఉండాలి, ఫలానా ఇన్‌వాయిస్‌లతో ముడిపడి ఉండాలి, ఆ మేరకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను (కొనుగోలుపై కట్టిన పన్నుకు దక్కే మినహాయింపును) డీలర్ వదులుకోవాలి. 2025 సెప్టెంబరులో 56వ సమావేశంలో జీఎస్టీ మండలి ఇందులో మొదటి రెండు షరతులనూ తొలగించాలని సిఫారసు చేసింది. వేల ఇన్‌వాయిస్‌లతో క్రెడిట్ నోట్లను జతపరచే శ్రమ తప్పడం కంపెనీలకు ఊరటే, కాదనలేం. కానీ రిబేటు స్కీమును ముందుగానే రాతలో పెట్టాలన్న ఒత్తిడి కూడా దాంతోపాటే సడలుతుంది. చిన్న డీలర్‌కు చేతిలో ఉన్న ఆధారం అదే.

రిబేటుకు పెట్టే పేరు కూడా పన్నును మారుస్తుంది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 సెప్టెంబరు 12న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం అమ్మకం తర్వాత ఇచ్చే తగ్గింపు దానంతటదే ప్రచార సేవకు ప్రతిఫలం కాదు. ప్రకటనలకో, ప్రదర్శనకో ఇంత సొమ్ము అని ఒప్పందంలో విడిగా రాస్తే మాత్రం జీఎస్టీ పడుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2022 జూలై 1 నుంచి వచ్చిన, వ్యాపారంలో ఇచ్చే కానుకలు, ప్రయోజనాలపై పన్ను కోయాలన్న 194ఆర్ నిబంధనా ఇలాంటిదే. నగదు తగ్గింపులు, రిబేట్లను ఆదాయపు పన్ను అధికారులు దాని నుంచి తప్పించారు. విదేశీ యాత్ర, బంగారు నాణెం మాత్రం ఏడాదికి 20,000 రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా మినహాయించే పన్ను) కిందికి వస్తాయి.

ఇక బకాయిలతో రిబేటు సర్దుబాటు. ఒక్క ఇన్‌వాయిస్ బకాయి పడితే మొత్తం త్రైమాసికపు రిబేటు రద్దన్న షరతు, స్కీమును ఎప్పుడైనా ఉపసంహరించుకునే హక్కు, కంపెనీ పద్దులే అంతిమమన్న వాక్యం: ఈ మూడూ కలిస్తే రిబేటు హక్కుగా మిగలదు, కంపెనీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడుతుంది. స్కీములో మార్పు రాబోయే కొనుగోళ్లకే వర్తించాలని, బకాయి మేరకే కోత పడాలని, ప్రతి త్రైమాసికానికీ లెక్క చూపి అభ్యంతరానికి గడువివ్వాలని డీలర్ల సంఘాలు పట్టుబట్టడం న్యాయం. లెక్క తేలలేదన్న జవాబు పెద్ద కంపెనీలకు చెల్లదు. ఆదాయాన్ని ఎలా నమోదు చేయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 115 కింద అవి ఇవ్వబోయే రిబేటును అంచనా వేసి, అమ్మకం నమోదు చేసేటప్పుడే తమ ఆదాయంలోంచి తగ్గించి చూపుతున్నాయి.