కీమో ఎక్కించుకున్న పదో రోజు

క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించుకొని ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు వాంతులు, నీరసం ఉంటాయని అందరికీ తెలుసు, ఇంట్లోవాళ్లు కూడా అందుకు సిద్ధపడే ఉంటారు. అసలు గండం ఆ తర్వాత. చాలా కీమో మందులకు వారం, రెండు వారాల మధ్యలో ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించిందంటే అది మామూలు జ్వరం కాదు, గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి, రక్తపరీక్ష చేసి వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించాలి. మరి ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల్లో ఆ రాత్రి ఏం జరుగుతోంది? ఆర్‌ఎంపీ వచ్చి ఓ సూది వేస్తాడు, కాస్త చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది, ఇక తెల్లారి చూద్దాంలే అనుకుంటారు. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు, ఆ వేళప్పుడు పిలిస్తే వచ్చేది ఆయనే. ఈ మనిషి కీమో మీద ఉన్నాడు, జ్వరమొస్తే ఆగొద్దు అని తెలుగులో రాసిన కార్డు ఒక్కటైనా పేషెంటు చేతిలో పెడుతున్నామా అన్నదే మా ప్రశ్న.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, మంచిదే. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేకు పోయొచ్చే కుటుంబాలకు అది పెద్ద ఆసరా. కానీ ఇంటికొచ్చాక పడే బాధ ఏ ప్యాకేజీలోకీ రాదు. గొంతుకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవాళ్లకు నోరు పూసి, లాలాజలం ఎండిపోయి, పచ్చిపులుసు నాలుకకు తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలిస్తే చాలావరకు ఉపశమనం ఉంటుంది, పైసా ఖర్చు లేని ఈ సంగతి కూడా చాలామందికి చెప్పేవాళ్లు లేరు. పైగా పథ్యమని గుడ్డు, పప్పు, పెరుగు అన్నీ మాన్పించి ఉత్త జావ మీద ఉంచుతారు. ఒంట్లో సత్తువ కావాల్సింది ఇప్పుడే కదా! కొన్ని మందులకు వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు అదంటే ఆ రోజు కూలి పోయినట్టే. డాక్టరుకు చెబితే డోసు మార్చే వీలుంటుంది, కానీ ఇంత పెద్ద జబ్బులో ఇదొక లెక్కా అని చెప్పరు.

మనసు సంగతి ఇంకా అధ్వానం. జుట్టు రాలిన ఆడబిడ్డ బతుకమ్మ పండుగకు పుట్టింటికొచ్చి కూడా వాకిట్లోకి రాదు, కొంగు కప్పుకొని లోపలే కూర్చుంటుంది. పరామర్శకు వచ్చినవాళ్లు ధైర్యంగా ఉండమంటూనే, మా వాడకట్టులో ఒకాయనకు ఇట్లనే వచ్చి పోయిండని చెప్పి చాయ్ తాగి పోతారు. అంటుకునే రోగం కాదని తెలిసీ కంచం, గ్లాసు వేరు పెట్టే ఇళ్లున్నాయి, చదువుకున్న ఇళ్లలోనే చూస్తున్నాం. మగవాళ్లయితే ఏం కాలేదని నవ్వి, రాత్రంతా కళ్లు తెరిచే ఉంటారు. ట్రీట్‌మెంట్ అయిపోయాక కూడా స్కాన్ తేదీ దగ్గరపడితే టెన్షన్ మొదలవుతుంది. ఇలాంటప్పుడు మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు.

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. వాటిని బాటిల్ ఎక్కించి పంపే గదుల్లా నడిపితే హైదరాబాద్ ప్రయాణం తప్పుతుందేమో గానీ పదో రోజు గండం తప్పదు. ప్రతి సెంటర్లో రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఉండాలి, నోటిపూతకు, తిమ్మిరికి, దిగులుకు కూడా వచ్చి కూర్చోగలిగే ఓపీ ఉండాలి. పదో రోజు పేషెంటుకు వాళ్లే ఫోన్ చేసి జ్వరముందా, తిన్నావా, నిద్రపోతున్నావా అని అడగాలి. అడిగేది స్టాఫ్ నర్సు కావాలి, రికార్డు చేసిన గొంతు మాత్రం వద్దు.