సుందరీకరణ కమిటీ వారికి సవినయ మనవి

పాత కతోలిక గుడికి, అంటే చర్చికి, వానాకాలం కన్నా జూబిలీ సంవత్సరం ప్రమాదం. వాన గోడని కొద్దికొద్దిగా కొరుక్కు తింటుంది. జూబిలీ ఒక్క ముద్దలో మింగేస్తుంది.

శతాబ్ది ఉత్సవాలు ఏడాదిలోకి వచ్చాయనగా విచారణలో, అంటే పారిష్‌లో, ఒక కమిటీ పుడుతుంది. అందులో ఒక కాంట్రాక్టరు, ఒక రిటైర్డు ఇంజినీరు, అమెరికా నుంచి డబ్బు పంపే కుటుంబం తరఫున ఒక బావగారు, టైల్స్ షాపు ఉన్నాయన ఒకరు తప్పనిసరి. సున్నం సంగతి తెలిసినవాళ్ళు మాత్రం ఉండకూడదు. ఉంటే పని తెమలదు. అటువంటి కమిటీల సౌకర్యార్థం, ఇంతవరకు జరిగిన మహత్కార్యాల అనుభవసారాన్ని ఇక్కడ క్రోడీకరించడమైనది.

ముందుగా మూలపురుషుణ్ణి తలుచుకోవడం ధర్మం. పాత గోవాలో బోం జెసూ బసిలికా ఉంది కదా, పునీత ఫ్రాన్సిస్ శౌరి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) వారి దేహం ఉన్న గుడి. 1594లో మొదలుపెట్టి 1605లో అభిషేకించారు. కట్టింది లేటరైట్ రాయితో. దాని మీద సున్నపు పూత వేసి, అది పాడైనప్పుడల్లా మళ్ళీ వేసి, దాదాపు మూడున్నర శతాబ్దాలు నెట్టుకొచ్చారు. ఇంతలో 1952 రాబోతోంది, అంటే శౌరి వారి 400వ వర్ధంతి. జూబిలీ వాసన తగిలింది. పోర్చుగల్ నుంచి బల్తజార్ కాస్త్రో అనే ఆర్కిటెక్టు వచ్చారు. గుడి నిక్షేపంలా ఉంది, కానీ ఒక లోపం ఉంది: అంత పాత గుడి పాతదానిలా కనబడటం లేదు. తెల్లగా, శుభ్రంగా, కొత్తపెళ్ళికొడుకులా ఉంది. చరిత్ర అంటే రాళ్ళు బయటపడాలి గదా! బయటి పూత మొత్తం గీకించేశారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఇక్కడ కొండ నాలుకకి జబ్బు కూడా లేదు.

లేటరైట్ మనకి కొత్త కాదు, విశాఖ మన్యంలో దాని తవ్వకాల గొడవ పేపర్లలో చదువుతూనే ఉంటాం. లాటిన్‌లో ‘లేటర్’ అంటే ఇటుక. నేలలోంచి తీసినప్పుడు పనిముట్టుతో ఇటుకలా కోసుకోవచ్చు, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకని 1807లో అచ్చయిన తన పుస్తకంలో ఫ్రాన్సిస్ బుకానన్ ఆ పేరు పెట్టాడు. అయితే రాయంతా ఒకే గట్టిదనం కాదు. దగ్గరగా చూస్తే తుప్పురంగు ఇనుప గూడు, ఆ గూడు అరల్లో పసుపు తెలుపు బంకమట్టి కనిపిస్తాయి. తేనెపట్టులో తేనె బదులు మట్టి ఉన్నట్టు. వాన పడితే ముందు మట్టి కరిగి కారిపోతుంది. తర్వాత ఖాళీ అరల్లో నీళ్ళు నిలుస్తాయి. ఆ తర్వాత అరల మధ్య గోడలు విరుగుతాయి. అరచేత్తో రాస్తే ఎర్రపొడి అంటుకుంటుంది. గోవాలో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, అదీ ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. ఈ సంగతి తెలిసే అక్కడి పాతకాలం వాళ్ళు ఇంటి గోడలకి కూడా వానాకాలం వస్తోందంటే కొబ్బరాకుల తడికలు కట్టేవాళ్ళు. ఇంటి గోడకి తడిక, గుడి గోడకి సున్నం. పాపం, వాళ్ళకి సౌందర్యదృష్టి లేదు.

ఇప్పుడు కమిటీలు గమనించవలసిన అసలు విశేషం. 2020లో బసిలికా రెక్టరుగారు, అంటే ఆ గుడి బాధ్యత చూసే గురువు, గోడలు అరిగిపోతున్నాయి, పూత మళ్ళీ వేయించండి అని బహిరంగంగా అడిగారు. అప్పుడు బయల్దేరిన అభ్యంతరాల్లో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? ఎర్రగా ఉండటమే ఆ గుడి గుర్తింపు అని. పోస్టుకార్డుల మీదా పర్యాటక శాఖ పోస్టర్ల మీదా ఎర్రగానే ఉంది కదా అని. రోడ్డుకి అవతల సే కథీడ్రల్ అదే లేటరైట్‌తో కట్టి, తెల్లగా సున్నం కట్టుకుని నిలబడి ఉంది. దాన్ని చూసి ఎవరూ ‘అయ్యో, పాతగా లేదే’ అని ఏడవలేదు. అంటే, ఒక తప్పు చేసి 50 ఏళ్ళు ఓపిక పడితే చాలు, అదే వారసత్వ సంపద అయి కూర్చుంటుంది. ఆపైన దాన్ని సరిదిద్దబోయినవాడే ద్రోహి. భావి కమిటీలకి ఇంతకన్నా భరోసా ఏం కావాలి?

మన దగ్గర పద్ధతి వేరు. మనం పాతగా కనబడాలని గీకం, కొత్తగా కనబడాలని కప్పుతాం. ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి విశాఖకి వచ్చిన ఫాదర్లూ, మిలాన్ నుంచి హైదరాబాద్‌కీ కృష్ణా తీరానికీ వచ్చిన పీమే మిషనరీ సంఘం గురువులూ, నెల్లూరు గుంటూరుల్లో పనిచేసిన లండన్ మిల్ హిల్ మిషనరీలూ ఇక్కడి తాపీమేస్త్రీల చేత ఇక్కడి డంగుసున్నంతోనే గుళ్ళు కట్టించారు. ఆ గోడలు ఊపిరి తీసుకుంటాయి. నేలలోంచి చెమ్మ పైకి పాకుతుంది, సున్నం దాన్ని మెల్లగా బయటికి వదిలేస్తుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు పూత మీద తెల్లగా పూస్తుంది, పూత రాలుతుంది, గోడ మిగులుతుంది. సున్నపు పూత ఉన్నదే తను పోయి గోడని బతికించడానికి. దాన్ని కమిటీ ‘పెచ్చులూడుతోంది, ఛండాలంగా ఉంది’ అని తీర్మానిస్తుంది.

తీర్మానం అయ్యాక ఈ క్రమంలో పోవాలి. పూత రాలిన చోట ఒకటికి నాలుగు పాళ్ళ సిమెంటు మాలు దట్టంగా కొట్టించండి. ఆరేటప్పుడు దాంట్లో వెంట్రుకవాసి నెర్రెలు పడతాయి. నీళ్ళు వాటి గుండా లోపలికి పోతాయి, బయటికి రావడానికి దారి ఉండదు. చెమ్మ సిమెంటు వెనకాలే ఆరుతుంది, ఉప్పు అక్కడే గడ్డకట్టి ఉబ్బుతుంది, వెనకున్న ఇటుక ముఖం పొరలు పొరలుగా లేస్తుంది. మూడు నాలుగు వానాకాలాలయ్యాక సిమెంటు పలకలా ఊడి, దాంతోపాటు ఇటుక ముక్కని కూడా పట్టుకొస్తుంది. అప్పుడు అందరూ ‘పాత గోడ కదండీ, బలం లేదు’ అంటారు. సిమెంటుని ఎవ్వరూ అనరు.

లోపలివైపు నాలుగడుగుల ఎత్తు దాకా టైల్స్ తొడగండి. చెమ్మ ఆగుతుందనుకుంటే పొరపాటు. టైల్స్ వెనకనుంచి ఎక్కి, అయిదో అడుగులో, సరిగ్గా శిలువమార్గం పటాల కింద, మచ్చగా బయటపడుతుంది. అప్పుడు టైల్స్ ఏడడుగుల దాకా పెంచవచ్చు, షాపాయనకీ బాగుంటుంది. సున్నం మీద పరిచిన పాత పెంకుబిళ్ళల నేల తీసేసి, కింద కాంక్రీటు పోసి గ్రానైట్ వేయిస్తే నేలలోంచి ఆరవలసిన తేమంతా గోడలకే తిరుగుతుంది. గోడలకి ఎనామెల్ రంగు వేస్తే ఆ తేమ బొబ్బలై లేస్తుంది. పైన పటారం, లోన లొటారం అనే సామెత పుట్టింది ఏదో పాత గోడ దగ్గరే అయి ఉండాలి.

ఎవరైనా సున్నం మాట ఎత్తితే ఎంత చాదస్తమో వివరంగా చెప్పి ఖండించండి. కాల్చిన సున్నపురాయిని నీళ్ళతొట్టిలో వేయాలట. సున్నం మీద నీళ్ళు పోయకూడదట, ముఖాన చిందుతుందట. కుతకుతా ఉడికి చల్లారాక వడగట్టి, నీళ్ళ కిందే కనీసం రెండు వారాలు, కుదిరితే నెలలు నాననివ్వాలి. అప్పుడది కరణితో కోస్తే వెన్నలా తెగుతుంది. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ళ ఇసుక, అదీ ఉప్పులేని గరుకు ఇసుక. ఇటుకపొడి కొంత. కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్ళు. వీటన్నిటినీ డంగులో రాతిచక్రం కింద నూరాలి. గోడని ముందురోజు నుంచే తడపాలి. మొదటి పూత అరంగుళానికి మించకూడదు. అది బిగిశాక గీతలు పెట్టి రెండోది, చివర రెండు మూడు మిల్లీమీటర్ల నున్నటి పూత. ఎండకి తొందరగా ఆరితే పిండిలా రాలిపోతుంది కాబట్టి తడిగోనెలు కట్టి వారానికి పైగా కాపలా. గాలిలో బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మళ్ళీ రాయిగా మారడానికి నెలలు. ఇంతా చేసి, మొత్తం గోడకి వేసే ముందు ఒక చదరపు మీటరు వేసి, ఒక వానాకాలం ఆగి చూడాలట! ఉత్సవాలేమో డిసెంబరులో. మేత్రాణుల వారి, అంటే బిషప్పుగారి, డేటు దొరికింది. కార్డులు ప్రెస్సులో ఉన్నాయి.

కిటికీల విషయానికొస్తే, గోవా పాత కట్టడాల్లో అద్దం బదులు పల్చటి ఆల్చిప్ప పలకలు బిగించేవాళ్ళు. వెలుతురు పాలలో ముంచి తీసినట్టు వస్తుంది. ఆ రకం ఆల్చిప్ప మన కాకినాడ తీరంలో కూడా దొరికేది, చాలావరకు సున్నం బట్టీలకే పోయింది. అల్యూమినియం స్లైడింగ్ ఉండగా వీటి ఊసెందుకు?

బలిపీఠం దగ్గర చెక్కపని మీద బంగారు రేకు ఉంటే వెంటనే గోల్డ్ పెయింట్ కొట్టించండి. అసలు రేకు, కింద ఎర్రమట్టి పూతతో కలిసి, మూడొందల ఏళ్ళయినా మెరుస్తుంది. డబ్బాలో దొరికేది రాగి, జింకు కలిసిన పొడి. ఉత్సవాల ఫోటోల్లో ధగధగలాడి, కొన్నేళ్ళకి గోధుమరంగులోకి, మూలల్లో పచ్చగా, దిగుతుంది. స్వరూపాల, అంటే పునీతుల బొమ్మల, ముఖాలకి ఎనామెల్ వేసే కళాకారుడికి మాత్రం ప్రపంచఖ్యాతి వచ్చే అవకాశం కొట్టిపారేయలేం. స్పెయిన్‌లోని బోర్హాలో 2012లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ భక్తితో క్రీస్తు ముఖాన్ని దిద్దితే, దాన్ని చూడటానికి జనం టికెట్టు కొనుక్కుని వెళ్తున్నారు.

గంట పగిలితే వెల్డింగ్ చేయించండి. నాలుగు పాళ్ళు రాగికి ఒక పాలు తగరం కలిసిన ఆ కంచు వేడికి మరో చోట చిట్లి, ఇక రేకుడబ్బాలా పలుకుతుంది. అప్పుడు మైకులో రికార్డింగ్ వేసుకోవచ్చు.

కాగితాల గురించి ఒక హెచ్చరిక. పాత రిజిస్టర్లు, ప్లానులు, ఎవర్ని ఎక్కడ పాతిపెట్టారో రాసిన పుస్తకాలు అటక మీదే ఉండనివ్వండి, చెదలకీ జూబిలీలో వాటా ఉండాలి. భద్రంగా దాచి ఉంచితే ఏమవుతుందో చెబుతాను. పాత గోవాలోనే పునీత అగస్టీన్ వారి గుడి ఉండేది. 1835లో వదిలేశారు, 1842లో కప్పు కూలింది, 1931లో ముఖభాగం పడిపోయింది. ఇప్పుడు సగం గోపురం మిగిలింది. అయినా జార్జియా రాణి కేతవాన్ అవశేషాలు ఫలానా గదిలో, ఫలానా కిటికీలో, రాతిపెట్టెలో ఉంచామని ఎవరో గురువులు రాసిపెట్టి చచ్చారు. ఆ రాత పట్టుకుని శిథిలాల్లో వెతికితే ఎముక దొరికింది. మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో డీఎన్ఏ తీసి చూస్తే, భారతీయుల్లో కనబడని, జార్జియాలో కనబడే మాతృవంశం తేలింది. 1624లో షిరాజ్‌లో చంపబడ్డ రాణి 2021లో అధికారికంగా ఇంటికి చేరింది. కప్పు కూలినా కాగితం నిలిస్తే ఇదీ తంటా.

ఇక నిధులు. ప్రతి ఫ్యాను రెక్క మీదా, ప్రతి బెంచీ వీపు మీదా ‘కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం’ అని రాయిస్తాం గనక నిధులకి కొరత లేదు. కొరతల్లా ఒక్కదానికే. గుడి కప్పు మీద చూరు కాలవ ఉంటుంది. మే నెలాఖరున ఒక మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కి, ఎండుటాకులూ పావురాల రెట్టా తోడి, గొట్టంలో రెండు బకెట్లు పోసి కింద దబదబా వస్తున్నాయో లేదో చూసి, జారిన పెంకు సర్ది, గోపురం నెర్రెలో మొలిచిన రావిమొక్కని పైన కత్తిరించకుండా వేరుకి మందు పెట్టి చంపి దిగాలి. ఒక పూట పని. చేయకపోతే నీళ్ళు పొర్లి గోడ నెత్తిన పడి, దూలం కొనలు గోడలో దూరిన చోటే నానతాయి. పై చెక్క నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల కొన మాత్రం వేలితో నొక్కితే దిగిపోతుంది. గుళ్ళు ఎక్కువగా కూలేది అక్కడి నుంచే.

ఈ పనికి దాత దొరకడు. కాలవ మీద పేరు రాస్తే కింద నుంచి కనబడదు. కాబట్టి కమిటీ వారి పరిశీలనకి ఒక ప్రతిపాదన: గొట్టం నేలకి దిగే చోట, మనిషి కంటి ఎత్తులో, పెద్ద ఇత్తడి పలక ఒకటి పెట్టండి. ‘ఈ సంవత్సరపు చూరు కాలవ శుద్ధి, ఫలానా వారి జ్ఞాపకార్థం’ అని. ఏటా పలక మార్చాలి, పాటలో ఎక్కువ పాడినవారికే. రిబ్బన్ కూడా కట్టవచ్చు, నిచ్చెన మొదటి మెట్టుకి.