కాకతీయులకి ముందుచూపు లేదు

ఈ మాట నేను తేలిగ్గా అనట్లేదు. పదిహేను గంటలు ఎర్టిగా వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, 452 కిలోమీటర్లు తిరిగొచ్చి, రెండు రోజులు నడుముకి బామ్ రాసుకుంటూ బాగా ఆలోచించి, బాధతోనే అంటున్నా. కాకతీయులు గొప్పవాళ్లే, చెరువులు తవ్వించారు, గుళ్లు కట్టించారు, కోటలు లేపారు, కాదన్నవాడెవడూ లేడు. కానీ ఒక ఫ్యామిలీ ఆదివారం నాడు హైదరాబాద్‌లో ప్రైవేట్ క్యాబ్ మాట్లాడుకుని పొద్దున బయల్దేరి అన్నీ చూసేసి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయాలంటే ఏది ఎక్కడ కట్టాలి అన్న చిన్న ఆలోచన ఆ వంశంలో ఒక్కరికంటే ఒక్కరికి రాలేదు. కోట వరంగల్‌లో, వేయిస్తంభాల గుడి హనుమకొండలో, రామప్ప ఏమో అక్కణ్ణుంచి ఇంకో డెబ్భై కిలోమీటర్ల అవతల పాలంపేటలో. ఎవరండీ ప్లాన్ గీసింది?

అసలు సంగతి ఏంటంటే మా బావమరిది డాలస్ నుంచి పన్నెండు రోజుల సెలవు మీద వచ్చాడు. అందులో పెళ్లికి నాలుగు రోజులు, షాపింగ్‌కి మూడు, పళ్ల డాక్టర్‌కి రెండు, బంధువుల ఇళ్లలో బలవంతపు భోజనాలకి రెండు పోగా మన వారసత్వానికి మిగిలింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజుకి ఎక్సెల్ షీట్ వేశాడు. ఫైల్ పేరు 'కాకతీయ ఫైనల్ ఫైనల్ 3'. అందులో ప్రతి గుడికీ నిమిషాలు, ప్రతి నిమిషానికీ ఒక రంగు. బాత్రూమ్‌కి కూడా పసుపు రంగులో ఏడు నిమిషాలు. "బావా, స్టిక్ టు ద ప్లాన్ అంతే, మనం ఏమీ మిస్ అవ్వం" అన్నాడు. క్యాబ్ ఏమో పన్నెండు గంటలు మూడొందల కిలోమీటర్ల ప్యాకేజీ, దాటితే కిలోమీటర్‌కి పద్నాలుగు రూపాయలు, గంటకి ఇంత, డ్రైవర్ బత్తా, టోల్ మనదే. రామప్ప వెళ్లి రావడమే నాలుగొందల పైన కదరా అని నేను అడుగుదామనుకున్నా, కానీ అల్లుణ్ణి, నోరు మూసుకున్నా.

ఐదింటికి బయల్దేరాలి. ఆరు యాభైకి బయల్దేరాం. అత్తయ్య పులిహోర కలపడం పూర్తవ్వలేదు, అది లేకుండా ఆవిడ గడప దాటరు.

మొదటి స్టాప్ భువనగిరి కోట. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఈ తప్పు కాకతీయులది కాదు, పశ్చిమ చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడిది. ఆయనకి త్రిభువనమల్లుడని బిరుదు, అందుకే కొండకి త్రిభువనగిరి అని పేరొచ్చి తర్వాత భువనగిరి అయిందంటారు. కానీ తర్వాత కోట కాకతీయుల చేతికి వచ్చింది కదా, హ్యాండోవర్ తీసుకున్నప్పుడు చూసుకోవద్దా? కొండ మొత్తం ఒకటే రాయి. గుడ్డులా నున్నగా, ఐదొందల అడుగుల ఎత్తు. ఎక్కడా లిఫ్ట్ పెట్టడానికి వాటం లేదు. మెట్లు చూస్తే ఒకటి జానెడు, ఇంకోటి మూరెడు, కొన్ని చోట్ల అసలు మెట్టే లేదు, రాయి మీద గాటు పెట్టి వదిలేశారు. శత్రువు ఎక్కకూడదని అలా చెక్కారట. సరే, శత్రువు ఎక్కకూడదు, మరి డాలస్ నుంచి వచ్చినవాడి పరిస్థితి? 2014లో పద్నాలుగేళ్లైనా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకుంది ఈ రాయి మీదే. ఇదే రాయి మీద మా బావమరిది నూట పదో మెట్టు దగ్గర ఆగి, చేతి వాచీ చూసుకుని, హార్ట్ రేట్ 162 అని మా అందరికీ ప్రకటించి, "వ్యూ ఇక్కణ్ణుంచే బెటర్‌గా ఉంది" అన్నాడు. పైన నీళ్ల గుంటలున్నాయి, బారాదరి అనే మండపం ఉంది అని దిగొస్తున్న కాలేజీ పిల్లలు చెప్పారు. వాళ్ల మాట నమ్మాం. ఎక్సెల్‌లో భువనగిరి గడి ఆకుపచ్చ రంగు అయిపోయింది.

అక్కడ ఆగినంత సేపట్లో నేను గమనించింది ఒకటుంది. మన శాసన సంప్రదాయం చచ్చిపోయిందని ఎవరన్నారు? గోడ నిండా ఉంది. 'ఆర్ లవ్ ఎస్', కింద బాణం గుచ్చిన గుండె, దాని కింద తేదీ. ఎవరో ఇంటర్ బ్యాచ్ మొత్తం ఇంటిపేర్లతో సహా చెక్కుకున్నారు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు రామప్పలో శాసనం వేయిస్తే దాన్ని చదవడానికి పండితులు వస్తారు, మరి ఆర్ గారి శాసనం చదవడానికి ఎవరూ రారేం? రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని చట్టం ఉంది, అవసరమైతే రెండూ. పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డుల మీద కూడా ఆ సంగతి రాస్తారు. ఒక చోట ఆ హెచ్చరిక బోర్డు మీద కూడా ఒక ఆర్, ఒక ఎస్ ఉన్నారు.

రాయగిరి దగ్గర యాదగిరిగుట్టకి మళ్లే దారి వచ్చింది. అత్తయ్య "ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా పోతే ఎలా రా" అన్నారు. బావమరిది ఎక్సెల్ తెరిచాడు. గుట్టకి గడి లేదు. కారులో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. చివరికి డ్రైవర్ స్పీడ్ కొంచెం తగ్గించేట్టు, అత్తయ్య కిటికీలోంచే గుట్ట వైపు దండం పెట్టుకునేట్టు రాజీ కుదిరింది. నరసింహస్వామి అర్థం చేసుకుంటాడు, ఉగ్రమూర్తే అయినా మన టైట్ షెడ్యూల్ ఆయనకి తెలియంది కాదు.

వేయిస్తంభాల గుడికి ఇరవై నిమిషాలు రాశాడు. 1163లో రుద్రదేవుడు కట్టించింది, శివుడికీ విష్ణువుకీ సూర్యుడికీ కలిపి ఒకే చోట మూడు గర్భగుళ్లు, త్రికూటాలయం. చూశారా, ఇదీ కావాల్సింది, ఒకే పార్కింగ్‌లో ముగ్గురు దేవుళ్లు. ఈ తెలివి మిగతా చోట్ల ఏమైంది? ఎదురుగా ఉన్న కళ్యాణ మండపాన్ని మన వాళ్లు రిపేర్ కోసం రాయి రాయి విప్పి, మళ్లీ పేర్చి తెరిచేసరికి 2024 వచ్చింది, ఒక తరం పిల్లలు పుట్టి టెన్త్ పాసయ్యారు. అది వేరే విషయం. మా పెద్దాడు స్తంభాలు లెక్కపెడతానని మొదలుపెట్టి 86 దగ్గర తప్పిపోయాడు, మళ్లీ మొదలుపెడితే 71 దగ్గర వాళ్ల అమ్మ లాక్కొచ్చేసింది. నల్లరాతి నంది మాత్రం అద్దంలా మెరిసిపోతోంది, అది ఎందుకలా మెరుస్తుందో అడిగే టైం లేదు, మా ఆవిడ దాని పక్కన నిలబడి ఫోటో దిగింది, ఫోటోలో నంది చెవి వచ్చింది.

పులిహోర కారులోనే తిన్నాం. బాగుంది.

వరంగల్ కోట గురించి మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడాలి. గణపతిదేవుడు రాతి గోడ మొదలుపెట్టాడు, కూతురు రుద్రమదేవి దాన్ని ఇంకా ఎత్తు లేపింది, బయట మట్టి గోడ, చుట్టూ కందకాలు. బాగుంది. కానీ ద్వారాల దగ్గర దారిని తిన్నగా పెట్టకుండా అడ్డంగా మలుపులు తిప్పారు, ఏనుగులతో దూసుకొచ్చే శత్రువు వేగం తగ్గాలని. వాళ్ల ఏనుగుల సంగతి నాకు తెలీదు, మా ఎర్టిగా వేగం మాత్రం బ్రహ్మాండంగా తగ్గింది, ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది, ఆరు నిమిషాలు నష్టం. రుద్రమదేవి పెట్టిన ట్రాప్‌లో ఏడొందల ఏళ్ల తర్వాత చిక్కింది మేమే.

లోపల నాలుగు వైపులా నాలుగు తోరణాలు. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ గుడి కూలిపోయి ముక్కలు ముక్కలుగా పచ్చిక మీద పడుంది. ఒక్కో ముక్క మీదా హంసలు, తామర మొగ్గలు, లతలు. మేం వాటి మీద కూర్చుని నీళ్లు తాగాం. మా బావమరిది కూతురు తోరణం కేసి చూసి, "మామయ్యా, ఇది గవర్నమెంట్ బోర్డుల మీద ఉంటుంది కదా, దీని ఒరిజినల్ ఎక్కడ?" అంది. నిలబడ్డది ఒరిజినల్ కిందే. దాని తప్పేం లేదు, హైదరాబాద్‌లో దిగినప్పట్నుంచీ ప్రతి ఆఫీసు గోడ మీదా అదే చిహ్నం చూస్తోంది, నిజంది వస్తే ఇంకాస్త కొత్తగా ఉంటుందనుకుంది.

ఇక్కడే ఒక రికార్డు గురించి చెప్పాలి. ఢిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినాయనే, ఈ కోట మీదకి వచ్చి నెలల తరబడి ముట్టడి వేసి, కుదరక వెనక్కిపోయి, సరంజామా అంతా సర్దుకుని మళ్లీ వచ్చి 1323లో గానీ లోపలికి రాలేకపోయాడు. మేం మొత్తం కోటని 35 నిమిషాల్లో పూర్తి చేశాం, ఐస్‌క్రీమ్‌తో సహా. ప్లానింగ్ అంటే అదీ.

రామప్పకి చేరేసరికి నాలుగున్నర. ఈ గుడి కట్టడానికి నలభై ఏళ్లు పట్టిందంటారు, 1213 నాటి శాసనం ఉంది. మా షీట్‌లో నలభై నిమిషాలు. ఏడాదికి ఒక నిమిషం, ఫెయిర్ డీల్ అన్నాడు బావమరిది. గైడ్‌ని మాట్లాడుకున్నాం, "బ్రదర్, హైలైట్స్ చాలు" అని ముందే చెప్పేశాడు. ఆ గైడ్ పాపం ఊపిరి తీసుకోకుండా చెప్పాడు, పునాది కింద గొయ్యి తీసి ఇసుక నింపి దాని మీద కట్టారని, అందుకే భూకంపం వచ్చినా గుడి ఒరిగింది గానీ పడలేదని, శిఖరం బరువు తగ్గడానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారని. ఇసుక మాట వినగానే నాకు మా అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. వీళ్లు ఇసుక మీద కట్టి ఎనిమిదొందల ఏళ్లు నిలబెట్టారు, మా బిల్డర్ ఒట్టి ఇసుకతోనే కట్టాడు, మూడో ఏట బాల్కనీ లీకు. ఇటుకలు కూడా తేలతాయి, పైపు పగిలినప్పుడు చూశాం.

గుడికి పేరు రాజుది కాదు, దేవుడిది కాదు, శిల్పిది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు డబ్బు పెట్టి కట్టిస్తే జనం మాత్రం రామప్ప గుడి అంటారు. కార్పొరేట్‌లో పదిహేనేళ్లుగా ఉన్న మా బావమరిదికి ఇది మింగుడుపడలేదు. "అంటే స్పాన్సర్ ఒకడు, క్రెడిట్ ఇంకొకడికా? బ్రాండింగ్ టీమ్ ఏం చేస్తోంది?" అన్నాడు. 2021లో యునెస్కో వాళ్లు కూడా రామప్ప పేరు తీసెయ్యలేకపోయారు, రుద్రేశ్వరాలయం అని రాసి బ్రాకెట్‌లో రామప్పని పెట్టుకోవాల్సొచ్చింది.

గుడి బయట చూరు కింద నల్లరాతి మదనికలు. ఒకామెని చూపించి గైడ్ "చూడండి మేడమ్, ఎనిమిదొందల ఏళ్ల కిందటే హైహీల్స్" అన్నాడు. మా ఆవిడ ఆ చెప్పుల్ని నాలుగు నిమిషాలు చూసింది. ఆ రోజు మొత్తం మీద మా బృందం ఒక శిల్పానికి ఇచ్చిన అత్యధిక సమయం అదే. ఈలోగా పిల్లలు రీల్ చేస్తున్నారు, పేరిణి నాట్యం శిల్పాల ముందు నిలబడి అదేదో హిందీ పాటకి. నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని గ్రంథం, ఈ శిల్పాల భంగిమలు ముందు పెట్టుకుని ఆ నాట్యాన్ని మళ్లీ బతికించారు. మా వాళ్లు పదిహేను సెకన్లలో ఇంకో దాన్ని పుట్టించారు.

అత్తయ్య మాత్రం నల్లరాతి స్తంభాల దగ్గర ఆగిపోయారు. ఎంత నునుపు చేశారో గానీ అందులో మొహం కనిపిస్తోంది. చెరిగిన బొట్టు అందులో చూసుకుని సరిచేసుకుని, అక్కడే స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నారు. "మీరు పోయి రండి, నేనిక్కడే ఉంటా" అన్నారు. లేపడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పక్కన చెరువు ఉంది, అదీ రామప్ప చెరువే, ఇప్పటికీ పొలాలకి నీళ్లిస్తోంది. ఆ పదకొండు నిమిషాలు చెరువు గడిలోంచి కోసేశాం.

ఊరికే తప్పులెంచడం నా పద్ధతి కాదు, పరిష్కారం కూడా చెప్తా. నాగార్జునసాగర్ కట్టినప్పుడు మునిగిపోయే నాగార్జునకొండ కట్టడాల్ని కొండ పైకి, అనుపు అనే చోటుకి తరలించారా లేదా? శ్రీశైలం నీళ్లొస్తున్నాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారా లేదా? నీళ్లొస్తే మార్చగలిగిన వాళ్లం ట్రాఫిక్ వస్తే మార్చలేమా? రామప్ప, వేయిస్తంభాలు, నాలుగు తోరణాలు, అన్నీ కలిపి అవుటర్ రింగ్ రోడ్డు మీద ఏదో ఒక ఎగ్జిట్ దగ్గర పెట్టేస్తే మధ్యలో ఫుడ్ కోర్టు, కింద రెండు లెవెల్స్ పార్కింగ్. భువనగిరి రాయిని కదపడం కష్టం అంటారా, సరే, దాన్ని అక్కడే ఉంచండి, ఎలాగూ పైదాకా ఎవరూ ఎక్కట్లేదు.

రాత్రి పదింటికి ఇంటి ముందు దిగాం. డ్రైవర్ లెక్క చెప్పాడు, ఎక్స్‌ట్రా 152 కిలోమీటర్లకి 2128 రూపాయలు, పైన మూడు గంటలు, బత్తా, టోల్. బావమరిది డాలర్లలోకి మార్చి చూసుకుని ఫర్వాలేదన్నాడు, తర్వాత పర్సు మర్చిపోయానన్నాడు. నేనే ఇచ్చా. ఇస్తూ మాటవరసకి అడిగా, "అన్నా, నువ్వు ఎన్నోసార్లు వచ్చుంటావు కదా, నీకు వీటిల్లో ఏది నచ్చుతుంది?"

"నేను లోపటికి ఒక్కసారి గూడ పోలే సార్" అన్నాడు. "గేటు కాడనే ఉంట. రామప్ప కాడ పార్కింగుల ఒక చెట్టుంటది సార్, మస్తు నీడ. రెండు గంటలన్న ఆగుతరేమో అనుకుంట ఎప్పుడూ, ఎవ్వరూ ఆగరు."